వాన వచ్చేదాకా టేకు స్టంపులు

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు వాళ్లకు టేకు కొత్త కాదు. 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది. జిల్లాలు రెండైనా టేకు నాటే అదను ఒక్కటే. తొలకరికి నాటాలి.

టేకును సంచి మొక్కగా నాటొచ్చు. స్టంపుగానూ నాటొచ్చు. స్టంపు అంటే ఏమిటి? నారుమడిలో ఏడాది పెరిగిన మొక్కను పీకుతారు. ఆకులు, కొమ్మ కోసేస్తారు. పిల్లవేర్లు తీసేస్తారు. జానెడు తల్లివేరు, దాని మీద అంగుళం కాండం మిగులుతాయి. బొటనవేలంత లావు ఉంటే మంచిది. మట్టి ఉండదు కాబట్టి మోత తక్కువ.

చూడటానికి ఎండుపుల్లలా ఉంటుంది. అందుకే కొందరు గట్టు మీద పడేసి పోతారు. అక్కడే నష్టం. ఆ వేరులో మొక్క దాచుకున్న తిండి ఉంది, తడి ఉంది. ఆ తిండితోనే కొత్త చిగురు వేస్తుంది. వడగాలికి తడి పోయిందంటే ఇక చిగురు రాదు. రెండు మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 1000 స్టంపులు కావాలి. అవి ఎండితే డబ్బు ఒక్కటే కాదు, ఏడాది పోతుంది.

మృగశిర కార్తెకు వాన వస్తుందని స్టంపులు తెచ్చుకుంటాం. వాన ఆరుద్రకు జరుగుతుంది. అప్పుడేం చేయాలి?

నీడ పట్టున, చెదలు లేని చోట, నీళ్లు నిలవని చోట మోకాలి లోతు గుంత తీయండి. అడుగున వాగు ఇసుక పొయ్యండి. ఒక వరుస స్టంపులు, ఒక పొర ఇసుక. మళ్లీ స్టంపులు, మళ్లీ ఇసుక. సందుల్లోకి ఇసుక దిగాలి. పైన ఇసుక కప్పి తాటాకు పందిరి వెయ్యండి.

"రోజూ నీళ్లు పొయ్యాలా అక్కా?" అని అడుగుతారు. వద్దు. ఇసుక చేతికి చల్లగా తగిలితే చాలు. పిడికిట పిండితే నీరు కారకూడదు. తడి ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. లేదంటే గుంతలోనే చిగురు వేస్తుంది. ఆ లేత చిగురు నాటేటప్పుడు విరిగిపోతుంది.

అనుమానం వస్తే గోటితో తొక్క గీకి చూడండి. లోపల తడిగా ఉంటే బతికే ఉంది. పొడిగా, నల్లబడి ఉంటే పారెయ్యండి. మొహమాటం వద్దు. చచ్చిన స్టంపు నాటితే కూలి కూడా దండగే.

వాన పడి నేల బాగా నానాక, ఆ పూట నాటగలిగినన్నే బయటికి తీయండి. తడి గోనెలో చుట్టి తీసుకుపోండి. గడ్డపారతో బొక్క చేసి స్టంపును నిలువుగా దించండి. వేరు, కాండం కలిసే చోటు నేలకు సమంగా ఉండాలి. చుట్టూ మట్టిని మడమతో గట్టిగా తొక్కండి. లోపల ఖాళీ ఉంటే వేరు ఎండుతుంది. గుంతలో మిగిలిన స్టంపుల మీద ఇసుక తిరిగి కప్పడం మరిచిపోకండి.